కాలిబాట పక్కన కూరమడి: వీధి వాళ్లంతా కలిసి తోట వేసుకునే పద్ధతి

నగరం నడిబొడ్డున ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండే వీధుల్లో పెరళ్లు ఉండవు. మిగిలే ఖాళీ అంతా కాలిబాటకూ రోడ్డు అంచుకూ మధ్య ఉన్న మట్టిపట్టీ, చెట్టు చుట్టూ వదిలిన చదరం, మలుపు దగ్గర ఎవరికీ పట్టని ముక్కోణం. అక్కడ పండించవచ్చు, బాగానే పండుతుంది. కానీ పెరటి సేద్యం తెలిసినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. నేల మనది కాదు, కంచె వేయడానికి లేదు, కుళాయి దూరం, కింద పైపులు, పక్కనే బళ్లు. అందుకని ఈ పనిలో విత్తనాల గురించి ఆలోచించడం దాదాపు ఆఖరి మెట్టు.

మొదటి ఏడాది ఒక్క మడే కట్టండి. వీధి పొడవునా పది మడులు ఒకేసారి కట్టాలన్న ఉత్సాహం సాధారణంగా మూడు నెలలుంటుంది, ఆ తర్వాత ఎండాకాలం వస్తుంది. ఒక ఎండాకాలం పచ్చగా దాటిన మడి ఒక్కటి ఉంటే రెండోదానికి అనుమతి అడగడమూ తేలికే, మనుషులను కూడగట్టడమూ తేలికే. ఎండిపోయిన పది మడులుంటే ఆ వీధిలో మళ్లీ ఎవరూ ఆ ఊసెత్తరు.

1. వీధిని కొలవడం

టేపు, సుద్దముక్క, నోటుపుస్తకం పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. మబ్బు లేని రోజున ఉదయం 9కి, మధ్యాహ్నం 12కి, మళ్లీ 3కి వెళ్లి ఎండ ఎక్కడిదాకా పడుతోందో సుద్దతో గీత గీయండి. మూడు గీతలకూ ఉమ్మడిగా ఎండ తగిలే చోటుంటే అక్కడ దాదాపు ఆరు గంటల ఎండ ఉన్నట్టే. టమోటా, వంగ, మిరప, బెండ లాంటి కాయజాతులకు అంత కావాలి. ఆకుకూరలకూ పుదీనాకూ మూడు నాలుగు గంటలు చాలు. నడివేసవిలో ఎండ పడిన చోటే చలికాలంలో ఎదుటి భవనం నీడలోకి పోవచ్చు. కొలిచిన నెల కూడా రాసుకోండి.

తర్వాత దూరాలు. నడిచేవాళ్లకు కనీసం 1.5 మీటర్ల దారి అడ్డులేకుండా మిగలాలి. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వస్తే తప్పుకోవడానికి 1.8 మీటర్లు కావాలి, కాబట్టి వీలైన చోట అంత వదలండి. రోడ్డు అంచురాయి నుంచి మడి గోడకు 50–60 సెం.మీ. ఖాళీ ఉండాలి. ఆగిన కారు తలుపు తెరుచుకోవాలి, అందులోంచి దిగే మనిషి కాలు పెట్టడానికి చోటుండాలి. ఈ జాగా వదలకపోతే మొదటి వారంలోనే అంచున ఉన్న మొక్కలు తొక్కుడులో పోతాయి, తొక్కినవాళ్ల తప్పూ ఉండదు. కూడలికి పది మీటర్ల లోపల మోకాలికి మించి పెరిగేవి ఏవీ వద్దు, ఎందుకంటే మలుపు తిరిగే బండికి అడ్డంగా పరుగెత్తే పిల్లలు కనబడాలి. మంటలార్పే నీటి గొట్టం, మ్యాన్‌హోల్ మూత, నీటి వాల్వు, కరెంటు పెట్టె వీటి చుట్టూ కనీసం మీటరు, మీటరున్నర వదిలేయండి. చెత్తబండి ఆగే చోటు, ఇంట్లోకి సామాను దించే చోటు కూడా నోటు చేసుకోవాలి. ఇవి పటంలో ఉండవు, వీధిలో ఉంటున్నవాళ్లకే తెలుస్తాయి.

భూమి కింద ఏముందో తెలియకుండా పలుగు దింపకూడదు. టెలిఫోన్, ఇంటర్నెట్ తీగలు ఒక్కోచోట జానెడు లోతులోనే ఉంటాయి. గ్యాసు, కరెంటు, నీరు, మురుగు ఏ లైను ఎక్కడుందో ఆయా శాఖల నుంచి గుర్తులు పెట్టించుకోండి. గుర్తులు పెట్టినా సరే, చేతి పారతో నెమ్మదిగా తవ్వాలి, యంత్రాలు వద్దు.

వీధి చెట్టు కింద మడి కట్టాలనిపిస్తుంది, నీడగా చూడముచ్చటగా ఉంటుంది కనుక. చెట్టుకు అది కీడు. చెట్టుకు ఆహారం తెచ్చే సన్నటి వేళ్లు ఎక్కువ భాగం పై రెండు మూడు జానల మట్టిలోనే ఉంటాయి. వాటి మీద జానెడు కొత్త మట్టి పోస్తే గాలి ఆడక చచ్చిపోతాయి. ఆ ఫలితం వెంటనే కనబడదు, రెండు మూడేళ్లకు పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది. మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే బెరడు కుళ్లుతుంది. చెట్టు చదరంలో పలచగా ఆకుతుక్కు పరిచి, నీడను ఓర్చుకునే చిన్న మొక్కలను వేళ్ల సందుల్లో గుచ్చడం వరకే మంచిది.

2. మనుషులు, ఆ తర్వాత కాగితాలు

ఒక్క మడికి ఐదారు ఇళ్లు కలిస్తే సరిపోతుంది. అందరి పనీ ఎవరి పనీ కాకుండా పోతుంది కాబట్టి ముందే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. నీళ్ల వంతు ఎవరిది, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, కోసింది ఎలా పంచుకుంటారు, ఇల్లు మారి వెళ్లిపోయేవాళ్ల వంతు ఎవరు తీసుకుంటారు, తోట ఆగిపోతే మడి ఎవరు తీసేస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఈ చివరి అంశం రాయడానికి ఎవరికీ మనసొప్పదు, కానీ అధికారులు మొదట అడిగేది అదే. అద్దెకుండేవాళ్లను తప్పకుండా కలుపుకోండి. వీధిలో ఎక్కువసేపు కనబడేది చాలాచోట్ల వాళ్లే.

వద్దనేవారు ఒకరైనా ఉంటారు. వాళ్లతో వాదించకుండా మడిని వాళ్ల గుమ్మం ముందు పెట్టకపోతే చాలు. బండి నిలుపుకునే చోటు పోతుందనో, దోమలు వస్తాయనో, చెత్త పేరుకుంటుందనో అంటారు. మూడూ నిజంగా జరిగేవే కనుక కొట్టిపారేయకండి, ఏం జాగ్రత్త తీసుకుంటారో చెప్పండి.

అనుమతి విషయంలో నగరానికో పద్ధతి ఉంటుంది. ఎక్కడైనా పనికొచ్చేది మాత్రం ఒక గీసిన పటం. 1:50 కొలతలో, అంటే నేల మీది మీటరు కాగితం మీద 2 సెం.మీ. వచ్చేలా, కాలిబాట, అంచురాయి, మడి, మ్యాన్‌హోల్, చెట్టు, వదిలిన దారి వెడల్పు చూపించండి. దానికి చుట్టుపక్కల ఇళ్లవాళ్ల సంతకాలు, పైపుల పనికి తవ్వాల్సి వస్తే పరిహారం అడగబోమన్న మాట జతచేయండి. అనుమతి లేకుండా మొదలుపెట్టి గెలిచినవాళ్లూ ఉన్నారు. లాస్ ఏంజెలెస్‌లో రాన్ ఫిన్లీ 2010లో తన ఇంటి ముందు రోడ్డు పక్క పట్టీలో కూరగాయలు వేస్తే నగరం నోటీసు ఇచ్చింది. జనం ఆయన పక్షాన నిలబడ్డారు, చివరికి నగరమే నిబంధన మార్చుకుంది. అయితే అలాంటి పోరాటానికి పట్టే ఓపికను మొక్కలకు నీళ్లు పోయడానికి దాచుకోవడం మేలు.

3. మట్టి పరీక్ష

పాత వీధుల మట్టిలో మొదట వెతకాల్సింది సీసం అనే విషలోహం. వాహనాల పెట్రోల్‌లో సీసం కలపడం ప్రపంచమంతటా పూర్తిగా ఆగిపోయింది 2021లోనే. అంతకుముందు దశాబ్దాల పాటు పొగగొట్టాల నుంచి వచ్చిన సీసం రోడ్డంచు మట్టిలోనే ఉంది, అది కుళ్లిపోయేదీ ఆవిరయ్యేదీ కాదు. పాత గోడల నుంచి రాలిన రంగు పెచ్చులు రెండో మూలం. ఐదు నుంచి ఎనిమిది చోట్ల పై 15 సెం.మీ. మట్టి తీసి, ప్లాస్టిక్ బకెట్లో కలిపి, నీడన ఆరబెట్టి, అరకిలో మట్టిని పరీక్షకు పంపండి. ఇనుప, జింకు పూత బకెట్లు వాడితే లోహాల లెక్క తప్పుతుంది. సీసంతో పాటు పీహెచ్ (మట్టి ఎంత పులుపో, ఎంత క్షారమో చెప్పే అంకె), సేంద్రియ పదార్థం కూడా చూడమనండి.

ఫలితాన్ని ఇలా చదువుకోవచ్చు. సీసం 100 పీపీఎం (పది లక్షల వంతుల మట్టిలో వంద వంతులు) లోపు ఉంటే నేలలోనే పండించవచ్చు. 100 నుంచి 400 మధ్య ఉంటే కాయజాతులకే పరిమితం కావాలి, లేదా కొత్త మట్టితో ఎత్తు మడి కట్టాలి. 400 దాటితే ఆ మట్టిని కదపకూడదు, పైన గుడ్డ పరిచి ఎత్తు మడే కట్టాలి. స్థానిక పరిమితి ఇంతకన్నా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి. మొక్క వేళ్లతో పీల్చుకునే సీసం తక్కువే. ఎక్కువగా ఒంట్లోకి పోయేది ఆకులకూ దుంపలకూ అంటుకున్న మట్టి, ఆడుకునే పిల్లల చేతుల మీది మట్టి. అందుకే టమోటా కన్నా పాలకూర, పాలకూర కన్నా ముల్లంగి ఎక్కువ అనుమానించాల్సినవి. పీహెచ్ 6.5–7 మధ్య ఉండి, మాగిన ఎరువు దండిగా ఉంటే సీసం మట్టికే అంటిపెట్టుకుని ఉంటుంది.

మరో పరీక్షకు డబ్బక్కర్లేదు. 30 సెం.మీ. లోతు గుంట తీసి నీళ్లు నింపండి. ఇంకిపోయాక మళ్లీ నింపి గంట ఆగి కొలవండి. నీటిమట్టం గంటకు కనీసం 2.5 సెం.మీ. దిగాలి. దిగకపోతే కింద ఇల్లు కట్టిన కాలం నాటి ఇటుక ముక్కలో, తొక్కుడుకు బిగిసిన పొరో ఉన్నట్టు. అలాంటి చోట నేలమడి వేస్తే వానాకాలంలో వేళ్లు కుళ్లుతాయి.

4. మడి కట్టడం

వీధి మడికి రెండు వైపుల నుంచీ చెయ్యి అందదు. ఒకవైపు బళ్లు తిరుగుతుంటాయి, అటు నిలబడి కలుపు తీయడం ప్రమాదం. కాలిబాట వైపు నుంచి మాత్రమే అందాలి కాబట్టి వెడల్పు 60 సెం.మీ. మించకూడదు. పొడవు 2.4 మీటర్లు, ఎత్తు 40 సెం.మీ. ఇంతకన్నా పొడవైతే జనం చుట్టూ తిరగడం విసుగై మధ్యలోంచి దాటేస్తారు.

ఈ కొలతకు కావాల్సిన సామాను లెక్క సరిగ్గా కుదురుతుంది. 2.4 మీటర్ల పొడవు, 20 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. మందం ఉన్న పలకలు ఐదు తీసుకోండి. నాలుగు అలాగే ఉంచి (ఒక్కో పక్కకు ఒకదానిపై ఒకటి రెండు), ఐదోదాన్ని 60 సెం.మీ. చొప్పున నాలుగు ముక్కలు కోస్తే రెండు చివరలకూ సరిపోతాయి. 5×5 సెం.మీ. గుంజ 2.4 మీటర్లది ఒకటి తీసుకుని 40 సెం.మీ. చొప్పున ఆరు ముక్కలు చేయండి. నాలుగు మూలలకు, రెండు పొడవు పక్కల మధ్యలకు. తుప్పు పట్టని పూత ఉన్న 75 మి.మీ. స్క్రూలు నలభై పడతాయి, యాభై తెచ్చుకోండి.

పొడవు పలకలను చదునైన నేల మీద జతగా పరిచి, మూడు గుంజలనూ లోపలి వైపు పెట్టి బిగించండి. మూల గుంజలను మాత్రం పలక చివరికి సమంగా పెట్టకుండా 4 సెం.మీ. లోపలికి జరపండి, చివరి ముక్క మందం అందులో కూర్చుంటుంది. గుంజకు ప్రతి పలక నుంచీ రెండేసి స్క్రూలు. ముందు 4 మి.మీ. బెజ్జం వేయకపోతే పలక చివరలు చీలతాయి. మూల గుంజలోకి రెండు దిక్కుల నుంచి స్క్రూలు దిగుతాయి కదా, ఒకే ఎత్తులో వేస్తే లోపల ఢీకొంటాయి. పొడవు పక్కవి కొంచెం పైకి, చివర పక్కవి కొంచెం కిందికి వేయండి. అన్నీ బిగించాక మధ్య గుంజలు రెంటినీ కలుపుతూ సగం ఎత్తులో అడ్డంగా ఒక ఇనుప పట్టీ గాని చెక్క బద్ద గాని వేయాలి. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. తడిసిన మట్టి ముప్పావు టన్ను దాకా తూగుతుంది, మొదటి వానాకాలానికే పలకలు మధ్యలో పొట్టలా ఉబ్బి గుంజలు ఊడతాయి.

రైలు పట్టాల కింద వాడిన పాత దుంగలు వద్దు, వాటికి క్రియోసోట్ అనే విషపు తారునూనె పట్టించి ఉంటుంది. రాగి-క్రోమియం-ఆర్సెనిక్ మందు పట్టించిన పాత చెక్కా వద్దు. పాత టైర్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇటుకలతో సున్నం లేకుండా పేర్చిన గోడ అందంగానే ఉంటుంది, కానీ వీధిలో విడి ఇటుకలు నిలవవు. పైన పలక అంచును గరకుకాగితంతో రుద్ది గుండ్రం చేయండి, నడిచేవాళ్ల చేతికి పేళ్లు గుచ్చుకోకుండా.

మట్టి బాగున్న చోట మడి కింద నేలను 15–20 సెం.మీ. గుల్ల చేసి, అట్టలు పరిచి, పైన మడి పెట్టండి. అట్ట గడ్డిని అణచి కొన్ని నెలల్లో కరిగిపోతుంది. సీసం ఎక్కువున్న చోట తవ్వకుండా నీరు దిగే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవండి. ప్లాస్టిక్ షీటు పరిస్తే మడి తొట్టెగా మారుతుంది. వీధికి వాలు ఉంటే ఎగువ చివర నేల కొద్దిగా దింపి మడిని సమతలం చేయాలి, లేకపోతే నీళ్లన్నీ పల్లపు చివరకే చేరి అటు కుళ్లు, ఇటు ఎండు. అంచురాయి వెంట వాననీరు పోయే దారికి మడి అడ్డం రాకూడదు.

నేలమడే వేసుకునేవాళ్లకు ఒక్క సూచన: మట్టి మట్టం కాలిబాట కన్నా 5 సెం.మీ. కిందకు ఉండాలి. మీద పరిచిన ఆకుతుక్కు మట్టం కూడా ఇందులో కలుపుకోవాలి. సమానంగా ఉంటే ప్రతి వానకూ మట్టి కాలిబాట మీదకు కొట్టుకొచ్చి కాలువ పూడుతుంది. తోట మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఐదు సెంటీమీటర్లే.

5. నింపడం

మడి లోపలి పరిమాణం సుమారు 560–580 లీటర్లు. మట్టి దిగుతుంది కనుక 650–700 లీటర్లు తెప్పించండి. సగం మంచి తోటమట్టి, మూడో వంతు కన్నా కాస్త తక్కువ, అంటే 30 శాతం, మాగిన కంపోస్టు, 20 శాతం ముతక ఇసుక లేదా కొబ్బరిపొట్టు. బంకమట్టి వస్తే ఇసుక, ఇసుకమట్టి వస్తే కొబ్బరిపొట్టు కలపాలి. వట్టి కంపోస్టుతో నింపితే మొదటి పంట బ్రహ్మాండంగా వచ్చి, రెండో ఏటికి మడి సగానికి దిగిపోతుంది.

కంపోస్టు మాగిందా లేదా ముక్కుకు తెలుస్తుంది. తొలకరి మట్టి వాసన రావాలి, ఘాటు వాసన వస్తే ఇంకా పచ్చిదే. కొన్న ఎరువులో గడ్డిమందు అవశేషాలు ఉండే ప్రమాదం ఒకటుంది, గడ్డికి కొట్టిన మందు పశువు కడుపు దాటి పేడలోనూ మిగులుతుంది. కనిపెట్టే మార్గం చిక్కుడు. రెండు కుండీల్లో ఆ ఎరువు కలిపిన మట్టిలో, రెండింటిలో మామూలు మట్టిలో చిక్కుడు గింజలు వేసి మూడు వారాలు చూడండి. ఎరువున్న కుండీల్లో కొత్త ఆకులు మాత్రమే దొప్పల్లా ముడుచుకుంటే ఆ ఎరువు వాడకండి.

నింపేటప్పుడు 15 సెం.మీ. వేసి తడపండి, మళ్లీ వేయండి. కాళ్లతో తొక్కకూడదు. పై అంచుకు 4–5 సెం.మీ. ఖాళీ వదిలితే నీళ్లు పొర్లవు. నాటడానికి ముందు వారం పది రోజులు అలా వదిలేయండి. మట్టి కుదురుకుంటుంది, కలుపు గింజలు మొలిస్తే ఒక్కసారి గీకి పారేయవచ్చు.

6. నీళ్లు

వీధి తోటలను పురుగు చంపడం తక్కువ, దాహం చంపడం ఎక్కువ. మామూలు కాలంలో చదరపు మీటరుకు వారానికి 25 లీటర్లు చాలు. మండుటెండల్లో రోజుకు ఐదారు లీటర్లు కావాలి. పైగా రోడ్డూ గోడలూ సాయంత్రందాకా వేడి కక్కుతుంటాయి. మన మడి విస్తీర్ణం 1.44 చదరపు మీటర్లు, కాబట్టి ఎండల్లో రోజుకు ఒక పది లీటర్ల క్యాను. క్యాను నిండితే పది కిలోలు. దాన్ని మోసుకుంటూ వృద్ధులు నడవగలిగే దూరంలో కుళాయి ఉందా అన్నదే మడి ఎక్కడ కట్టాలో నిర్ణయించేది. కుళాయి నుంచి 30 మీటర్లు దాటితే ఆ చోటు వదులుకోండి. కాలిబాటకు అడ్డంగా గొట్టం పరచడం మాత్రం వద్దు, ఎవరో తట్టుకుని పడతారు.

వంతుకు కాగితం మీద పట్టిక వేస్తే రెండు వారాలకు దాన్నెవరూ చూడరు. దానికన్నా క్యానునే పట్టిక చేయండి. క్యాను ఎవరి గేటుకు తగిలించి ఉంటే ఆ రోజు వాళ్లది. పోసేసి పక్కవాళ్ల గేటుకు తగిలిస్తారు. సాయంత్రానికి కూడా క్యాను ఉదయమున్న గేటుకే కనబడితే ఆ రోజు నీళ్లు పడలేదని వీధంతా తెలుస్తుంది, ఫోన్ చేసి అడగాల్సిన ఇబ్బందీ ఉండదు. ఊరెళ్లేవాళ్లు క్యాను ముందే దాటించేసి వెళ్లాలి.

పోసేది ఉదయం పూట, మొక్క మొదట్లో, నెమ్మదిగా. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ పూట మానేయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు పైనే తిరిగి, ఒక్కరోజు తప్పినా వాడిపోతాయి.

వంతు తప్పినా మొక్కలు బతకాలంటే మట్టికుండలు పాతండి. నునుపు పూత, రంగు లేని నాలుగైదు లీటర్ల కుండలు మూడు, 70–80 సెం.మీ. దూరాన, మెడదాకా మట్టిలో దింపి నీళ్లు నింపి మూత పెట్టాలి. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, వేడి రోజుల్లో గుడ్డు నుంచి దోమ లేచేసరికి వారం, పది రోజులే పడుతుంది. కుండ చెమ్మ ఓడుస్తూ ఉంటే వేళ్లు దాన్ని అల్లుకుంటాయి. కాయమొక్కలను కుండకు జానెడు దూరంలోనే నాటండి. రెండు నుంచి నాలుగు రోజులకోసారి నింపితే చాలు. ఉప్పునీటి చోట ఏడాదికోసారి కుండ తీసి పీచుతో గట్టిగా తోమి కడగకపోతే సన్నటి రంధ్రాలు పూడిపోయి ఓడటం ఆగుతుంది.

ఇంటి కప్పు నుంచి వాననీరు పట్టుకోవచ్చు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వానకు లీటరు నీరు, వృథా పోను 80 శాతం వస్తుందనుకోండి. 50 చదరపు మీటర్ల కప్పు మీద 10 మి.మీ. కురిస్తే 400 లీటర్లు. మొదటి నీటిని దుమ్ముతో సహా వదిలేయాలి. 200 లీటర్ల డ్రమ్ము నిండితే 200 కిలోలు, కింద పీట గట్టిదై ఉండాలి, పైన దోమతెర బిగించి ఉండాలి. రోడ్డు మీద పారే నీటిని అంచురాయికి గండి పెట్టి మడిలోకి మళ్లించే పద్ధతి పూలమొక్కలకూ పొదలకూ సరే గాని, బళ్ల నూనె కలిసిన ఆ నీరు తినేవాటికి పనికిరాదు.

7. ఏం నాటాలి

గన్నేరు, ఉమ్మెత్త లాంటి విషపు మొక్కలు ఎంత మొండివైనా వద్దు. దారిన పోయే పిల్లలు ఏది నోట్లో పెట్టుకుంటారో చెప్పలేం. ముళ్లున్నవీ, దారి మీదకు వాలేవీ వద్దు. రోడ్డు వైపు అంచున నిమ్మగడ్డి లాంటి మొండి గుబురు వరుసగా వేస్తే దుమ్మును కొంత ఆపుతుంది. ఆ గుబురు ఆకు వంటకు కోయకండి. మధ్యలో కాయజాతులు, కాలిబాట వైపు తోటకూర, మెంతికూర, బంతి. పుదీనాను మట్టిలో వదిలితే మడంతా ఆక్రమిస్తుంది, అడుగు తీసేసిన కుండీలో పెట్టి పాతండి.

దూరాలు: టమోటాకు 45–60 సెం.మీ., వంగకు 60, బెండకు 30–40, పొద చిక్కుడుకు 15. ఈ మడిలో కాయమొక్కలు నాలుగుకు మించి పట్టవు. నారు ఉచితంగా దొరికిందని ఎనిమిది నాటితే గాలాడక తెగులు వస్తుంది. టమోటాకు ఊతకర్ర నాటేరోజే గుచ్చాలి, తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. గింజను దాని మందానికి రెండు మూడింతల లోతులో వేయాలి. తోటకూర గింజ అంత లోతూ కాదు, ఇసుకలో కలిపి చల్లి పైన అరచేత్తో అద్దితే చాలు. నారు సాయంత్రం నాటండి. నాటాక 5–8 సెం.మీ. మందాన చెక్కతురుము లేదా ముక్కలు చేసిన ఎండాకు పరిచి, కాండానికి రెండంగుళాల దూరం వదలండి. వట్టి గడ్డి, వరిపొట్టు బళ్ల గాలికి ఎగిరి కాలువలో పడతాయి.

8. తరువాత వచ్చే తలనొప్పులు

కోసుకుపోతారు. దీన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. తాళం, బెదిరింపు బోర్డు రెండూ పనిచేయవు. ఒకేసారి ఒకే కోతతో పోయే క్యాబేజీ, గుమ్మడి లాంటివి వీధిలో వేయకుండా, కోసేకొద్దీ వచ్చే ఆకుకూరలు, మిరప, బెండ వేస్తే నష్టం తెలియదు. బోర్డు మీద "ఆకులు కోసుకోవచ్చు, వేరుతో పీకొద్దు, టమోటా ఎర్రబడ్డాకే" అని రాయండి. ఎలా కోయాలో తెలియక పాడుచేసేవాళ్లే ఎక్కువమంది. విరగ్గొట్టినవి, పీకేసినవి మర్నాటికల్లా సరిచేయాలి. పాడుబడ్డట్టు కనిపించే మడిలో చెత్త వేయడానికి ఎవరికీ చెయ్యి ఆగదు.

కుక్క మూత్రంలోని ఉప్పూ యూరియా అంచు మొక్కలను మాడుస్తాయి. 40 సెం.మీ. గోడ చాలా కుక్కలను ఆపుతుంది. పిల్లులు మెత్తటి మట్టి తవ్వుతాయి, ఖాళీ చోట కొమ్మలు అడ్డంగా గుచ్చితే రావు. అక్కడ దొడ్డికి పోయిన మట్టిని గిన్నెడు తీసి పారేయండి.

పేనుబంకకు గట్టిగా నీటిధార చాలు. తెల్లదోమ, పిండినల్లి ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు కలిపి ఆకు అడుగున, సాయంత్రం కొట్టండి. వీధిలో రసాయన మందులు కొట్టకూడదు, గాలికి పక్కింటి కిటికీలోకి పోతుంది. ఆకులు కింద నుంచి పసుపు పచ్చబడితే నత్రజని తక్కువ, మట్టి తడిగా ఉండీ వాడిపోతుంటే నీళ్లెక్కువ. ఈ రెండో దాన్ని చూసి ఇంకా నీళ్లు పోసేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు.

వీధిలో తెరిచిన కంపోస్టు కుప్ప పెడితే ఎలుకలు చేరతాయి. మూతా అడుగూ ఉన్న పెట్టె పెట్టి, గాలి రంధ్రాలకూ అడుగుకూ 6 మి.మీ. కన్ను ఇనుప జాలి వేయండి. పచ్చివాటికి రెండు మూడింతలు ఎండాకు కలపండి. వండిన అన్నం, మాంసం, నూనె వేయొద్దు. రోడ్డు ఊడ్చిన ఆకుల్లో బళ్ల దుమ్ము ఉంటుంది, తినే మడికి ఆ ఎరువు వాడకుండా చెట్ల కింద పరవండి.

కోసిన ఆకుకూరను బయటి ఆకులు తీసేసి, గిన్నె నీళ్లలో ముంచి కదిపి, ఆ నీరు పారబోసి మరో రెండుసార్లు కడగాలి. దుంపలు వేసి ఉంటే తొక్క తీయాలి. మడిలో పనిచేసిన పిల్లలు తినేముందు చేతులు కడుక్కోవాలి.

9. పంట అయ్యాక

మొక్కను పీకకుండా నేల మట్టానికి కోసేయండి, వేళ్లు లోపలే మాగి మట్టిని గుల్ల చేస్తాయి. నులిపురుగు బుడిపెలు కనబడిన వేళ్లు మాత్రం తీసి పారేయాలి. పైన 5 సెం.మీ. కంపోస్టు వేయండి, ఈ మడికి సుమారు 70 లీటర్లు పడుతుంది. టమోటా, వంగ, మిరప ఒకే కుటుంబం కాబట్టి అవి ఉన్నచోట తర్వాత చిక్కుడు గాని ఆకుకూర గాని వేయండి. స్క్రూలు బిగించండి, మధ్య పట్టీ తుప్పు చూడండి, అడుగు పలక కుళ్లిందేమో గోరుతో నొక్కి చూడండి.

రెండో మడి గురించి ఆలోచించాల్సింది అప్పుడు. అదే కుళాయి అందే దూరంలో, నీళ్ల వంతుకు కనీసం ఇద్దరు కొత్తవాళ్లు పేర్లిచ్చాక కట్టండి. పేర్లు రాకపోతే ఆ డబ్బుతో మొదటి మడికి ఇంకో రెండు కుండలు కొనండి.